చేతి ఎంబ్రాయిడరీ మొదలుపెట్టడానికి ఏమేం కొనాలి? సూది నంబర్లు, దారం పోగులు, బట్ట, రింగు

సిరిచుక్క:
అందరికీ నమస్కారం. చేత్తో కుట్టే ఎంబ్రాయిడరీ నేర్చుకోవాలని ఉంది. మెషిన్ కాదు, మగ్గం వర్కూ కాదు, మామూలు సూదీ దారంతో కుట్టేది. కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్), గొలుసు కుట్టు, రేకుల్లా వేసే లేజీ డైజీ, ముడి కుట్టు (ఫ్రెంచ్ నాట్) ముందు గుడ్డ ముక్కల మీద సాధన చేసి, చెయ్యి కుదిరాక కాటన్ కుర్తీ మెడకీ జాకెట్టు చేతులకీ వేసుకోవాలని ఆలోచన. ఆన్‌లైన్‌లో వంద రంగుల దారాలు, ఐదు రింగులు కలిపి కిట్లు అమ్ముతున్నారు. అవి కొనేయొచ్చా, విడివిడిగా తీసుకోవాలా? సూదుల ప్యాకెట్ల మీద 3/9 అనీ 5/10 అనీ ఉంటోంది, అవేమిటి? బట్టల కొట్లో ఏ బట్ట అని అడగాలి? ఉండేది విజయవాడ.

కుట్టుపెట్టె:
కిట్టు వద్దండి. వంద రంగులు చూడ్డానికి బాగుంటాయి కానీ అందులో వచ్చే పేరులేని దారం పోగులు విడదీయగానే నూగు లేస్తుంది, ముదురు రంగులు నీళ్లలో దిగుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అది దారం తప్పని తెలియక తమ చెయ్యి బాగాలేదనుకుని మానేస్తారు. అదే డబ్బుతో కొన్నే, మంచివి కొనండి. ఎంబ్రాయిడరీ సూదుల ప్యాకెట్ ఒకటి, ఆరేడు రంగుల్లో యాంకర్ లేదా డీఎంసీ కంపెనీ దారం లచ్చీలు, అర మీటరు తెల్ల కాటన్, ఒకే ఒక్క రింగు, మొన సూదిగా ఉండే చిన్న కత్తెర. ఇంతకు మించి మొదటి నెలలో దేనితోనూ పనిపడదు.

సూదుల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది పట్టించుకోనిది అదే. దుకాణంలో ఎంబ్రాయిడరీ సూదులని అడగండి, ప్యాకెట్ మీద క్రూయల్ అని రాసి ఉన్నా అవే. మామూలు కుట్టు సూదికి బెజ్జం చిన్నగా గుండ్రంగా ఉంటుంది. ఎంబ్రాయిడరీ సూదికి పొడుగ్గా ఉంటుంది, అందుకే రెండు మూడు పోగులు నలగకుండా పడతాయి. మొన రెండింటికీ పదునుగానే ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. 3/9 అంటే 3 నుంచి 9 దాకా సైజులు కలిపి ఉన్న ప్యాకెట్, 5/10 కూడా అంతే. మీకు 5/10 ఎక్కువ పనికొస్తుంది.

ఒక్క పోగుతో కుట్టేటప్పుడు 10 వాడండి, రెండు పోగులకి 8 లేదా 9, మూడింటికి 7, నాలుగింటికి 6, ఆరు పోగులూ కలిపి కుడితే 5. బట్ట మందంగా ఉంటే ఒక సైజు కిందికి, అంటే లావు సూదికి వెళ్లండి. సూది చేయాల్సింది దారం దూరేంత దారి తెరవడం. మరీ సన్నదైతే ప్రతి కుట్టుకీ దారం బట్టకి ఒరుసుకుంటూ వస్తుంది, సగం దారం అయ్యేసరికి మెరుపు పోయి పీచు లేస్తుంది. మరీ లావైతే కుట్టు పక్కన కన్నాలు మిగులుతాయి. సూది సులువుగా దిగి, బెజ్జం దగ్గర మాత్రం కొద్దిగా బిగుసుకుని, చిన్న లాగుతో దారం వచ్చేస్తే సరైన సైజన్నమాట. ప్రతి కుట్టుకీ టక్ టక్ మని శబ్దం వస్తుంటే సూది మార్చండి.

గోరింట:
కుట్టుపెట్టె గారి మాటకి దారం సంగతి జోడిస్తాను.

ఎంబ్రాయిడరీ కాటన్ లచ్చీలో 8 మీటర్ల దారం ఉంటుంది, అందులో ఆరు పోగులు విడివిడిగా వస్తాయి. రెండు పోగులతో కుడితే ఒక్క లచ్చీలో 24 మీటర్ల దారం వస్తుంది, కాబట్టి సాధనకి రంగుకొకటి చాలు. లచ్చీకి ఉన్న కాగితం పట్టీలు తీసేయకండి. పొడుగు పట్టీ వైపు బయటికి కనిపించే కొస పట్టి మెల్లగా లాగితే దారం చిక్కుపడకుండా వస్తుంది. రంగు నంబరు ఆ పట్టీ మీదే ఉంటుంది, సగం పనిలో దారం అయిపోతే అదే నంబరు చెప్పి తెచ్చుకోవాలి. యాంకర్, డీఎంసీ నంబర్లు వేరు వేరని గుర్తుపెట్టుకోండి. నలుపు డీఎంసీలో 310 అయితే యాంకర్‌లో 403.

దారం ఒక మూర కత్తిరించండి. మోచేతి నుంచి వేలికొన దాకా, సుమారు 18 అంగుళాలు. మాటిమాటికీ సూదికి ఎక్కించడం ఎందుకని రెండు మూరలు కత్తిరిస్తే ఆ చివరి మూర బట్టలోంచి ఎన్నోసార్లు దూరి అరిగిపోతుంది, దానికి తోడు చిక్కులు. కత్తిరించాక ఆరు పోగుల్లోంచి ఒక్కొక్కటే పైకి లాగాలి. కింద చేత్తో దారాన్ని వదులుగా పట్టుకుని, ఒక పోగు కొస పట్టుకుని నిటారుగా లాగితే మిగతావి కుచ్చులా ముడుచుకుని, పోగు బయటికొచ్చాక మళ్లీ సాగుతాయి. రెండు మూడు పోగులు ఒకేసారి లాగితే ముడిపడుతుంది. కావలసినన్ని తీసి మళ్లీ పక్కపక్కన పేర్చి సూదికి ఎక్కించండి. ఆరు పోగులతో కుట్టేటప్పుడు కూడా ఇలా విడదీసి కలిపితే కుట్టు నిండుగా, పరుచుకున్నట్టు వస్తుంది.

ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ, నలుపు కొన్నప్పుడు బట్ట మీద పెట్టకముందే పరీక్షించండి. జానెడు ముక్క గోరువెచ్చని నీళ్లలో ముంచి, తెల్ల గుడ్డ మడతలో పెట్టి గట్టిగా నొక్కండి. మరక పడితే ఆ దారం లేత రంగు బట్ట మీద వాడొద్దు.

సిరిచుక్క:
చాలా థాంక్స్ అండీ. మూర లెక్క బాగుంది, స్కేలు అక్కర్లేదు. టైలరింగ్ మెటీరియల్ షాపుల్లో రీళ్లలో మెరిసే సిల్క్ త్రెడ్ చవగ్గా ఉంటుంది కదా, దాంతో నేర్చుకోకూడదా?

గోరింట:
మొదట వద్దండి. సిల్క్ త్రెడ్ అని రీళ్లలో అమ్మేది ఎక్కువగా రేయాన్ లాంటి కృత్రిమ పట్టే. అది జారుతుంది, చుట్టుకుంటుంది, ముడి నిలవదు. కుట్టు బిగువు ఎంత ఉండాలో చేతికి తెలియాలంటే కాటన్‌తోనే తెలుస్తుంది. పైగా రేయాన్ తడిస్తే బలం తగ్గుతుంది, ఉతికే కుర్తీల మీద ఎక్కువ కాలం నిలవదు. మగ్గం వర్క్ చేసే జాకెట్లు రోజూ ఉతికేవి కావు కాబట్టి అక్కడ సరిపోతుంది.

పోగులు విడదీసే పని విసుగనిపిస్తే పెర్ల్ కాటన్ 8 నంబరు బంతి ఒకటి తెచ్చుకోండి. అది మెలి తిప్పిన ఒకే దారం, విడదీయరు. గొలుసు కుట్టు, కాడ కుట్టు దాంతో స్పష్టంగా కనిపిస్తాయి, ఎక్కడ తప్పు పడిందో కంటికి తెలుస్తుంది. 5 నంబరు దీనికన్నా లావు, 12 సన్నం. సాటిన్ కుట్టుకి, అంటే పక్కపక్కన దగ్గరగా కుట్లు వేసి ఆకారం నింపేదానికి, మాత్రం పనికిరాదు, మెలి వల్ల నునుపు రాదు.

మ్యాగీ_కరీంనగర్:
అక్కా, బట్ట గురించి జర నేను చెప్తా. దుకాణంల ఎంబ్రాయిడరీ బట్ట అంటే కొందరు మ్యాటీ బట్ట చేతిల పెడ్తరు. అది గళ్లు లెక్కపెట్టి కుట్టే క్రాస్ స్టిచ్‌కి మంచిగుంటది, నువ్వు చెప్పిన కాడ కుట్టుకి కాదు, సాటిన్‌కి గూడ కాదు. గళ్ల సందుల మధ్యల సూది దించాలంటే జారుతది, వంపులు మెట్లు మెట్లుగ వస్తయి. నీకు కావాల్సింది దగ్గరి నేతున్న సాదా కాటన్. కేంబ్రిక్ గానీ, కొంచెం మందం పాప్లిన్ గానీ అడుగు. వంద శాతం కాటనేనా అని గట్టిగ అడుగు, టెరీకాట్ కలిస్తే కుట్టు చుట్టూ ముడత పడ్తది, ఇస్త్రీ చేసినా పోదు. ఒక దారం పీకి కాల్చి చూస్తే తెలుస్తది. కాటనైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతది, పాలిస్టర్ కలిస్తే కొస గట్టి పూసలెక్క అయితది.

మల్లు బట్ట ఇప్పుడే వద్దు. సన్నగుంటది, ఎన్క పక్క పోయిన దారం ముంగటికి కనిపిస్తది.

కుట్టుపెట్టె:
బాగా చెప్పావు మ్యాగీ. ఇంకొకటి, కొన్న బట్టని నానబెట్టి గంజి వదలగొట్టకుండా మొదలుపెట్టొద్దు. గంజి ఉన్న బట్టలో సూది గట్టిగా దిగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, పని అంతా అయ్యాక మొదటిసారి ఉతికినప్పుడు బట్ట ముడుచుకుంటుంది, దారం ముడుచుకోదు, కుట్టిన చోటంతా ఉబ్బుతుంది. రాత్రి నీళ్లలో వేసి, పొద్దున సబ్బుతో ఉతికి, కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయండి.

అర మీటరు బట్టని దాదాపు పది అంగుళాల చదరాలుగా కత్తిరిస్తే, పన్నా (బట్ట వెడల్పు) 40 అంగుళాలైనా దాటితే ఎనిమిది ముక్కలొస్తాయి. ఆరంగుళాల రింగుకి చుట్టూ రెండేసి అంగుళాలు మిగలాలి, అందుకే పది. అంచులు పీచు లేవకుండా చుట్టూ వదులుగా ఓవర్ కుట్టు వేసుకోండి.

విజయవాడ కాబట్టి వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ వైపు వెళ్తే సాదా కాటన్ రకాలు చేత్తో పట్టుకుని చూడొచ్చు. హోల్‌సేల్ కొట్లలో అర మీటరు ఇవ్వకపోతే చిల్లర కొట్లలోనే తీసుకోండి. మంగళగిరి కాటన్ సాధనకి కాదు గానీ తర్వాత కుర్తీకి చాలా బాగుంటుంది, నేత సమంగా ఉంటుంది కనుక కుట్టు నిటారుగా వస్తుంది.

తులసికోట:
రింగు విషయం ఎవరూ వివరంగా చెప్పలేదు. ఐదు లేదా ఆరు అంగుళాలది ఒకటి చాలు. మీ చెయ్యి చాపితే బొటనవేలు రింగు అంచు మీద ఉండగా మిగతా వేళ్లు మధ్యదాకా అందాలి. ఎనిమిది అంగుళాలది కొంటే మధ్యలో కుట్టడానికి చెయ్యి అందక మణికట్టు నొప్పి పుడుతుంది.

కొనేటప్పుడు బిగించి వెలుతురుకి ఎత్తి చూడండి. రెండు రింగుల మధ్య ఎక్కడన్నా వెలుతురు కనిపిస్తే ఆ చోట బట్ట జారుతుంది. స్క్రూ ఇత్తడిదైతే మేలు. చెక్క అంచు గరుకుగా ఉంటే సన్న ఇసుక కాగితంతో రుద్దాలి.

రింగు తెచ్చాక ముందు లోపలి రింగుకి అర అంగుళం కాటన్ నాడా చుట్టండి. ఏటవాలుగా, పొర మీద పొర సగం ఎక్కేలా చుట్టి, కొస లోపలి వైపు నాలుగు కుట్లు వేసి ఆపాలి. జిగురు వద్దు, బట్టకి మరక దిగుతుంది. ఈ ఒక్క పనితో చవక రింగు కూడా మంచి రింగవుతుంది. బట్ట జారదు, రింగు గుర్తు కూడా తక్కువ పడుతుంది.

బట్ట బిగించేటప్పుడు పడుగు వైపూ పేక వైపూ, అంటే నేతలోని నిలువు, అడ్డ పోగుల వెంబడి మాత్రమే లాగాలి. మూలల వైపు లాగితే నేత వంగిపోతుంది, రింగులో గుండ్రంగా కుట్టిన పువ్వు రింగు తీశాక కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. వేలితో తడితే టప్ మని శబ్దం రావాలి. కుట్టడం ఆపిన ప్రతిసారీ రింగు తీసేయండి.

వెన్నెలవాకిలి:
ఆడవాళ్లు చాలామంది మగ్గం సూది, స్టాండు కొనుక్కుని ఇంట్లోనే నేర్చుకుంటున్నారు, అది వేగంగా కూడా అవుతుంది. సిరిచుక్క గారు కూడా నేరుగా అదే మొదలుపెట్టొచ్చు కదా? జాకెట్లకి ఎలాగూ మగ్గమే బాగుంటుంది.

కుట్టుపెట్టె:
రెండూ వేరే విద్యలండి. మగ్గం సూదికి చివర కొక్కెం ఉంటుంది, దారం బట్ట అడుగున ఎడమచేతిలో ఉంటుంది, పైనుంచి సూది దించి దారాన్ని మెలికలా లాగుతారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టే బట్టని నాలుగువైపులా స్టాండుకి బిగిస్తారు. అందులో మూలం గొలుసు కుట్టే, మిగతాదంతా దాని మీద కట్టిందే. వేగం నిజమే, కానీ దారం కొస సరిగ్గా ఆపకపోతే ఒక్క లాగుకి వరసంతా ఊడిపోతుంది. సూదితో కుట్టినది అలా ఊడదు, ఒళ్లో పెట్టుకుని ఎక్కడైనా కుట్టొచ్చు, రోజూ ఉతికే బట్టలకి తట్టుకుంటుంది. వారు అడిగినది కుర్తీ మెడలకి. సూదే సరైనది.

సిరిచుక్క:
అవునండీ, నాకు సూదే ఇష్టం. డిజైను బట్ట మీదికి ఎక్కించడం ఎలా? షాపులో పొడి, కిరసనాయిలు అని ఏదో చెప్పారు.

తులసికోట:
ట్రేసింగ్ పేపరు మీద డిజైన్ గీసి, గీత వెంబడి సూదితో కన్నాలు పొడిచి, జింకు పొడినో నీలిమందునో కిరసనాయిల్లో కలిపి గుడ్డతో రుద్దే పద్ధతి అది. ఒకే డిజైన్ పదిచోట్ల వేసేవాళ్లకి మంచిది. మీకు అంత అక్కర్లేదు. తెల్లబట్ట కాబట్టి డిజైన్ కాగితం మీద నల్ల పెన్నుతో గీసి, పగటిపూట కిటికీ అద్దానికి అతికించి, దాని మీద బట్ట పెట్టి, గట్టి పెన్సిల్‌తో, అంటే 2హెచ్‌తో సన్నగా గీయండి. మెత్తటి పెన్సిల్ నల్లపొడి లేత దారాలకి అంటుకుంటుంది.

నీళ్లతో పోయే నీలి పెన్ను వాడొచ్చు, కానీ రెండు జాగ్రత్తలు. గీత పోకముందు ఇస్త్రీ పెట్టకూడదు, వేడికి ఆ గీత బట్టలో స్థిరపడిపోతుంది. పని అయ్యాక ముందు సబ్బు లేకుండా ఉత్త చల్లనీళ్లలో జాడించాలి, నేరుగా సర్ఫు నీళ్లలో వేస్తే గోధుమరంగు మరకగా మిగలొచ్చు. గాలికి ఆరిపోయే ఊదా రంగు పెన్ను వద్దు, మీరు సగం కుట్టేలోపే గీత మాయమవుతుంది, గాలిలో తేమ ఉంటే మరీ త్వరగా.

ముదురు రంగు బట్టకి తెల్లదో పసుపుదో టైలర్ల కార్బన్ కాగితం. ఆఫీసుల్లో వాడే నీలి కార్బన్ వద్దు, చెయ్యి తగిలినచోటల్లా మరకే.

చికాగో_శారద:
అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఇక్కడి సంగతి. జోయాన్ అనే బట్టలు, కుట్టు సామాన్ల దుకాణాలు 2025లో మూతపడ్డాయి. డీఎంసీ దారం మైకేల్స్ అనే క్రాఫ్ట్ దుకాణాల్లో దొరుకుతుంది, రంగులు కంటితో చూసి తీసుకోవచ్చు. ఇండియా నుంచి యాంకర్ లచ్చీలు తెప్పించుకునేవాళ్లు ఒక పనికి సరిపడా అన్నీ ఒకేసారి తెప్పించుకోండి, మధ్యలో రెండు కంపెనీలు కలిపితే దగ్గరి రంగుకి దగ్గరి రంగు దొరికినా పక్కపక్కన తేడా తెలుస్తుంది.

ఇస్త్రీ వేడికి చెరిగిపోయే పెన్నులు ఇక్కడ చాలామంది వాడుతున్నారు. అవి నిజంగా పోవు, వేడికి రంగు కనిపించకుండా పోతుందంతే. చలికాలంలో పార్సిల్ బయట గడ్డకట్టే చలిలో ఉంటే గీతలు మళ్లీ బయటికి వస్తాయి. ఎవరికన్నా బహుమతిగా ఇచ్చే వాటికి వాడకండి.

నూలుపోగు:
దారం మొదలుపెట్టడం, ముగించడం గురించి కూడా చెప్పుకోవాలి. ముడి వేయొద్దు. ముడి ఇస్త్రీలో ఉబ్బుగా కనిపిస్తుంది, సన్న బట్టలోంచి పైకి వచ్చేస్తుంది. తర్వాత కుట్టు కప్పేసే చోట రెండు చిన్న కుట్లు వేసి మొదలుపెట్టండి. చివర వెనక్కి తిప్పి నాలుగైదు కుట్ల కిందుగా సూది దూర్చి, ఒకదాని చుట్టూ మెలిక తిప్పి కత్తిరించండి.

మ్యాగీ_కరీంనగర్:
నూలుపోగు గారూ, పిల్లల గౌన్లు, రోజూ ఉతికే కుర్తీల మీద ముడి ఏసినా తప్పులేదు. విడి విడి ముడి కుట్లు చల్లినట్టు ఏసేటప్పుడు దారం దాచనీకి పక్కన కుట్లే ఉండవు కదా. ఆడ చిన్న ముడే గట్టిగుంటది.

నూలుపోగు:
విడిగా ఉన్న ముడి కుట్లకి ఒప్పుకుంటాను. నిండుగా కుట్టే పనికి మాత్రం ముడి వద్దనే చెప్తాను, ముఖ్యంగా నేర్చుకునే దశలో. ముడి అలవాటైతే వెనకవైపు శుభ్రంగా ఉంచడం చేతికి రాదు.

సిరిచుక్క:
సామాను తెచ్చాను. 5/10 సూదులు, యాంకర్ లచ్చీలు ఏడు, కేంబ్రిక్, ఆరంగుళాల చెక్క రింగు. నాడా చుట్టాను. కాడ కుట్టు పరవాలేదు. ముడి కుట్టు మాత్రం సగం వెనక్కి జారిపోతోంది. సాటిన్ ఆకు కుడితే బట్ట ముడుచుకుంటోంది. బెజ్జంలోకి దారం ఎక్కడం కూడా కష్టంగా ఉంది.

గోరింట:
ముడి కుట్టు జారేది సూది పైకి వచ్చిన కన్నంలోనే మళ్లీ దించడం వల్ల. నేతలో ఒకటి రెండు పోగుల పక్కన దించండి. దారం సూదికి ఒక్క చుట్టు చుట్టి, చుట్టుని బట్ట దాకా జార్చి, ఎడమచేత్తో దారం లాగిపట్టుకునే సూది కిందికి లాగాలి. లాగేటప్పుడు వదిలేస్తే ముడి వదులై కూర్చుంటుంది. పెద్ద ముడి కావాలంటే చుట్లు పెంచకండి, పోగులు పెంచండి. మూడు నాలుగు చుట్లు వేస్తే పక్కకి ఒరిగిపోతుంది.

సాటిన్ ముడుచుకోవడానికి రెండు కారణాలుంటాయి. రింగులో బట్ట వదులైపోవడం, లేదా చెయ్యి బిగించి లాగడం. దారం బట్ట మీద ఆనితే చాలు. కుట్టు పొడవు కూడా చూసుకోండి, అర అంగుళం దాటితే ఉతికినప్పుడు వదులై దేనికన్నా తగులుకుంటుంది. వెడల్పు ఆకుని మధ్య ఈనెతో రెండు భాగాలు చేసి ఏటవాలుగా కుట్టండి. అంచు చక్కగా రావాలంటే ముందు ఆకు చుట్టూ ఒక్క పోగుతో చిన్న చిన్న కుట్లు వేసి, వాటిని కప్పుతూ సాటిన్ కుట్టాలి.

కుట్టుపెట్టె:
బెజ్జం సంగతి. దారం కొస ఏటవాలుగా, శుభ్రంగా కత్తిరించి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య కొస కనీ కనిపించకుండా నొక్కిపట్టి, సూదినే దారం మీదికి తెండి. ఎక్కకపోతే సూదిని అటుతిప్పి చూడండి, బెజ్జం అచ్చుగుద్ది చేస్తారు కనుక ఒకవైపు నునుపుగా, వెడల్పుగా ఉంటుంది.

కుట్టేకొద్దీ దారం మెలితిరుగుతుంది, నాలుగైదు కుట్లకోసారి సూదిని కిందికి వేలాడదీస్తే దానంతటదే విప్పుకుంటుంది. సూదిని బట్టలో గుచ్చి వదిలేయకండి, మీ దగ్గరి తేమకి తుప్పు మరక పడుతుంది.

సిరిచుక్క:
సూది తిప్పితే నిజంగానే ఎక్కింది! చివరి ప్రశ్న. కుర్తీ కుట్టించాక మెడకి వేయాలా, కుట్టకముందా? రెడీమేడ్ కుర్తీ అయితే మెడ అంచు రింగులో పట్టడం లేదు.

తులసికోట:
కుట్టించేదైతే కత్తిరించకముందే వేయండి. మెడ గీత, భుజం గీత పెన్సిల్‌తో కాక రంగు దారంతో పెద్ద పెద్ద కుట్లు వేసి గుర్తు పెట్టుకోండి, ఉతికినా పోదు. మెడ గీతకి అర అంగుళం దూరంగా డిజైన్ మొదలవ్వాలి, లేకపోతే టైలర్ మడిచే మార్జిన్‌లోకి వెళ్లిపోతుంది. ఎంబ్రాయిడరీ అయ్యాక ఉతికి, మందమైన తువ్వాలు మీద బోర్లా వేసి ఇస్త్రీ చేసి, కొలతలు మళ్లీ సరిచూసి అప్పుడు కత్తిరించాలి, కుట్టిన చోట బట్ట కొద్దిగా దగ్గరపడి ఉంటుంది.

రెడీమేడ్‌కి అయితే మూడు నాలుగు అంగుళాల వెడల్పు పాత కాటన్ పట్టీ తీసుకుని మెడ అంచుకి వదులు కుట్లతో తాత్కాలికంగా కలపండి. ఆ పట్టీ రింగులోకి వెళ్తుంది, మెడ మధ్యలో నిలుస్తుంది. మెడ వంపు కదా, పట్టీకి అక్కడక్కడ చిన్న గాట్లు పెడితే వంపుతో పాటు పరుచుకుంటుంది. పని అయ్యాక వదులు కుట్లు విప్పేయడమే. లోపలి వైపు మెడకి తగిలే దారాల మీద పలచటి మల్లు ముక్క వేసి చుట్టూ కుట్టేస్తే గుచ్చుకోదు.